సన్మాన పత్రంలో లేని మాట

కేసముద్రం మార్కెట్ యార్డుకు పత్తి ట్రాక్టర్లు బారులు తీరే రోజులవి. యార్డు గేటుకు ఎదురుగా, రైతుల పంట అమ్మిపెట్టే సోమయ్య అడ్తి దుకాణం, దాని మీదే ఆయన ఇల్లు. ఆ శుక్రవారం పొద్దున దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. అయినా యజమాని కిందికి దిగలేదు. పై గదిలో కుర్చీలో వెనక్కి వాలి, తన బిడ్డ గొప్పతనాన్ని చెవులారా వింటున్నాడు. అలాంటి పని తగిలినప్పుడు పత్తి ఏ ధర పలికితే మాత్రం ఏమిటి?

వినిపిస్తున్నవాడు వెంకట్రాం సారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆ ఊళ్లో ఎవరికి సన్మానం జరిగినా పత్రం ఆయనే రాయాలి, సభలో ఆయనే చదవాలి. పత్రం లేని సన్మానం కేసముద్రంలో సన్మానం కిందికే రాదు. శాలువా బీరువాలోకి పోతుంది, పూలదండ సాయంత్రానికి వాడిపోతుంది, పత్రం మాత్రం అద్దాల ఫ్రేములో ఇంటి గోడ మీద పది కాలాలు ఉంటుంది. ఆదివారం నాడు వర్తక సంఘం భవనంలో సోమయ్య కూతురు డాక్టర్ హిమజకు సన్మానం. అచ్చుకు పంపేముందు ఒకసారి విని పోదామని సంఘం కార్యదర్శి రమాకాంత్ కూడా వచ్చి కూర్చున్నాడు.

“శాస్త్ర ప్రపంచంలో డెబ్బై ఎనిమిది పరిశోధన వ్యాసాలు వెలువరించి...” అని సారు చదువుతుండగా, చాయ్ పళ్లెంతో వచ్చిన సోమయ్య భార్య వనమాల గడప దగ్గరే ఆగిపోయింది.

“ఎనభై ఒకటి సార్. దసరా ముందర రెండు, పోయిన నెల ఒకటి అచ్చైనయి.”

ముగ్గురు మగవాళ్లూ నవ్వారు. సారు కలం తీసి అంకె దిద్దుకున్నాడు.

వనమాల చదివింది ఏడో తరగతి వరకే. కానీ కూతురి పరిశోధన లెక్కలు ఆమెకు వచ్చినంతగా కూతురికే రావేమో. డాక్టరీ చదివి హైదరాబాదులో ఒక పెద్ద పరిశోధన సంస్థలో పనిచేసే హిమజ, వ్యాసం అచ్చైన ప్రతిసారీ ముందు తల్లికే ఫోన్ చేస్తుంది. వనమాల వెంటనే బీరువాలోంచి పొడుగు నోటుబుక్కు తీసి, వరుస అంకె వేసి, తారీఖు వేసి, అది దేని గురించో తనకు అర్థమైన మాటల్లో రాసుకుంటుంది. అంతటితో ఊరుకోదు. ఆ వ్యాసాన్ని ఎందరు పండితులు తమ వ్యాసాల్లో పేరెత్తి చెప్పుకున్నారో ఆర్నెల్లకోసారి అడిగి మరీ అంకె మారుస్తుంది.

మొదట్లో ఈ పేరెత్తడం సంగతి ఆమెకు అంతుపట్టలేదు. హిమజ ఇంటి మాటల్లోనే విడమరిచి చెప్పింది. “అమ్మా, యార్డుల మక్కల కాడ పేచీ వస్తే ‘సోమయ్య సేటు గిట్ల జెప్పిండు’ అని బాపు పేరు తీస్తరు చూడు. బాపు ఆడ ఉండడు. కానీ ఆయన మాట మీద పని నడుస్తది. గిది గూడ గంతే.” అప్పటినుంచి వనమాలకు ఆ అంకె మీదే ప్రాణం. ఆరువేల రెండు వందల నలభై సార్లు. జపాన్‌లో, బ్రెజిల్‌లో, కెన్యాలో ముక్కూమొహం తెలియని మనుషులు తన బిడ్డ మాట మీద పని నడుపుతున్నారు. ఆ సంగతి ఆమె అంగట్లో కూరగాయలు కొంటూ కూడా చెప్పేది. వంకాయలు తూచే రామికి బ్రెజిల్ ఎటువైపు ఉందో తెలియదు గానీ, ఆరువేల రెండు వందల నలభై మాత్రం నోటికి వచ్చు.

సారు మళ్లీ అందుకున్నాడు. “క్యాన్సర్ పరిశోధనలో దేశం గర్వించదగిన...”

రమాకాంత్ చెయ్యెత్తి ఆపాడు. “సార్, గా మాట అవసరమా? శుభం జరిగేకాడ, ఆడోళ్లు పసుపు కుంకుమలతోని వచ్చేకాడ, జబ్బు పేరు మైకుల చదువుడు మంచిగుంటదా?”

సారు సోమయ్య వైపు చూశాడు. సోమయ్య గొంతు సవరించుకుని, ‘ప్రాణాంతక వ్యాధుల పరిశోధన’ అంటే నిండుగా ఉంటుంది కదా అన్నాడు. సారుకు ఆ మార్పు ఎంతమాత్రం రుచించలేదు. తప్పించుకునే దారి వెతుకుతున్నట్టు వనమాల వంక చూసి, కన్నతల్లివి, నీ మాట ఏమిటమ్మా అని అడిగాడు.

“తీసెయ్యుండ్రి సార్,” అంది వనమాల. పళ్లెం కింద పెట్టి, ఎందుకో ఎడమ భుజం మీది కొంగు సర్దుకుంది.

సారు కొట్టేశాడు. అలా, క్యాన్సర్ మీద ఎనభై ఒక్క వ్యాసాలు రాసిన మనిషి సన్మాన పత్రంలో క్యాన్సర్ అన్న మాట లేకుండా పోయింది. నవ్వొస్తున్నదా? నవ్వే ముందు, ఆ మాటను మన ఇళ్లల్లో మనం ఏ గొంతుతో పలుకుతామో ఒకసారి గుర్తు చేసుకుందాం. ‘పెద్ద జబ్బు’ అంటాం. ‘అదే’ అంటాం. అటూ ఇటూ చూసి పక్కవాళ్ల చెవిలో వేస్తాం. జేబు కొట్టినవాడి పేరైనా ఇంతకన్నా ధైర్యంగా చెప్తాం. వనమాల నోటుబుక్కు తెరిచినా అదే వరస. ‘రొమ్ము’ అని రాసి ఒక గీత. ‘నోటి’ అని రాసి ఒక గీత. ‘గర్భసంచి’ అని రాసి ఒక గీత. ఎనభై ఒక్క వరుసల్లో ఆ మాట రావలసిన చోటల్లా గీతే ఉంది.

అయితే ఆ రోజు వనమాల ఆ మాట తీసెయ్యమనడానికి వెనక ఇంకో కారణం ఉంది. మూడు నెలల కిందట, సద్దుల బతుకమ్మ నాడు తలంటు పోసుకుంటుంటే ఆమె ఎడమ రొమ్ములో శనగగింజంత గడ్డ చేతికి తగిలింది. ఇప్పుడది చింతగింజను దాటింది. నొప్పి లేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది. నొప్పి లేని గడ్డనే ఎక్కువ అనుమానించాలన్న సంగతి ఆమె నోటుబుక్కులో ఇరవై మూడో వరుసలో, ఆమె చేతిరాతలోనే ఉంది.

మరి ఇంత తెలిసిన మనిషి ఎందుకు దాచింది? ఆమె ఆలోచన ఆమెకు న్యాయంగానే తోచింది. ఆ జబ్బు మీద దేశాలన్నీ తన బిడ్డ పేరెత్తుతుంటే, ఆ జబ్బే తనకు వచ్చిందని తెలిస్తే లోకం ఊరుకుంటుందా? కన్నతల్లి జబ్బే కనిపెట్టలేనిది ఊరికేం చెప్తుంది అనరా? ఇరవై ఏళ్ల కష్టం మీద తన వల్ల మచ్చ పడుతుంది. అందుకని ముందు సన్మానం గడిచిపోనీ అనుకుంది. ఫిబ్రవరిలో జపాన్‌లో పెద్ద సభ ఉంది, అందులో హిమజదే మొదటి ఉపన్యాసం. అది కూడా కానీ అనుకుంది. బిడ్డ పెద్దదవుతున్నకొద్దీ తల్లి జబ్బుకు తీరిక దొరకడం లేదు.

ఈ సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఇంకొకతే ఉంది. కోడలు వర్షిణి. జనగామ పిల్ల, బీఎస్సీ చదివింది. పెళ్లయి రెండేళ్లు. పై అరలోని డబ్బాలు తీసేటప్పుడు అత్తగారు ఎడమ చెయ్యి ఎత్తడం మానేసిందని ఆమె కనిపెట్టింది. అడిగింది. రెండు రోజులు తప్పించుకుని మూడో రోజు వనమాల చెప్పింది. చెప్పి, కోడలి చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుంది. ఎవరితో అన్నా తన మీద ఒట్టు అంది. మొగుడు సాయితేజకు చెప్పినా సరే, ఒట్టు ఒట్టే. మూడు వారాలుగా వర్షిణికి రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. చెప్తే అత్తమ్మ మాట తప్పినట్టు, చెప్పకపోతే అత్తమ్మే దక్కనట్టు.

సన్మానం రోజు పంచడానికి హిమజ వ్యాసాల జాబితాతో చిన్న పుస్తకం వేయాలని సంఘం అనుకుంది. ఆ పని వర్షిణి మీద పడింది. హిమజ పంపిన వరుస చూస్తూ కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క పేరూ తెలుగులో కొడుతూ పోయింది. నలభై ఆరో వ్యాసం దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి. ఇంగ్లీషు అక్షరాల మధ్య జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని మూడు జిల్లాల పేర్లున్నాయి. తన పుట్టింటి ఊరు పేరు పరదేశపు పత్రికలో చూడటం ఆమెకు అదే మొదలు. ముందు ఆ ముచ్చటకే వ్యాసం తెరిచింది. తెరిచినదాన్ని ఆఖరి పేజీ దాకా చదివిగాని లేవలేదు.

శనివారం మధ్యాహ్నం వనమాల మిద్దె మీద కందులు చెరుగుతోంది. వర్షిణి ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

“అత్తమ్మా, వదిన రాసినయాట్ల అందరి కంటే ఎక్కువమంది పేరెత్తింది ఏది?”

“నలభై ఆరు,” అంది వనమాల తల ఎత్తకుండానే. “పందొమ్మిది వందలు దాటింది.”

“అండ్ల ఏమున్నదో తెలుసా?”

వనమాల చాట ఆపింది. నోటుబుక్కులో ఆ వరుస ఆమెకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. ‘మన దిక్కు ఆడోళ్లు దవాఖానకు ఆలస్యం’ అని రాసుకుంది. ఆ తర్వాత అంకెలే. ఆరేళ్లుగా ఆ అంకె పెరగడం చూసి మురిసిందే తప్ప, దేని గురించి అంతమంది చెప్పుకుంటున్నారని ఒక్కనాడూ అడగలేదు.

“చదువు బిడ్డా,” అంది.

వర్షిణి చదువుతూ తెలుగులో చెప్పసాగింది. అంతకుముందు పరిశోధకులు దవాఖానకు వచ్చినవాళ్లను అక్కడే అడిగి లెక్క కట్టేవారు. హిమజ అలా చేయలేదు. ఆలస్యంగా వచ్చిన మూడు వందల నలభై మంది ఆడవాళ్ల పేర్లు పట్టుకుని వాళ్ల ఇళ్లకే పోయింది. జనగామ జిల్లా నర్మెట్ట పక్క పల్లెల్లో పత్తి ఏరేవాళ్ల దగ్గర కూర్చుంది. మహబూబాబాద్ తండాలు తిరిగింది. భూపాలపల్లి జిల్లా చెల్పూర్ కరెంటు ప్లాంటు పక్క కాలనీల్లో తలుపు తలుపూ తట్టింది. గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి డాక్టరు ముందు కూర్చున్న రోజు వరకు సగటున పదకొండు నెలలు గడిచాయని తేలింది. పేదరికం, దూరం, తెలియకపోవడం అని అందరూ చెప్పే కారణాలున్నాయి, నిజమే. కానీ ఆమె ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగింది. దవాఖానకు పోకముందు ఈ సంగతి ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

“మూడు వందల నలభై ఇండ్లల్ల రెండు వందల డెబ్బై మూడు ఇండ్లల్ల ఇంకొక ఆడమనిషికి ముందే తెలుసట అత్తమ్మా. ఆడబిడ్డకో, తోటికోడలుకో, కోడలుకో. అందరితోని ఒట్టు పెట్టించుకున్నరట. ఒట్టు తప్పి ఇంట్ల జెప్పినకాడ మనిషి ఐదు నెలలు ముందుగాల దవాఖానకు పోయిందట. గా ఐదు నెలలు ముందుగాల పోయినందుకు బతికినోళ్లు ఎందరో గూడ లెక్కున్నది.”

దానికి హిమజ పెట్టిన పేరే ‘రెండో మనిషి’. మందు రోగికి, ధైర్యం రెండో మనిషికి కావాలని ఆమె రాసింది. ఆ వ్యాసాన్ని ముందు రెండు పత్రికలు తిప్పి పంపాయి. ఎవరూ వినని ఊళ్లు, వీటి మాట లోకానికంతా ఎలా పనికొస్తుందని ఒకరు రాశారు కూడా. మూడో పత్రిక అచ్చు వేసింది. ఆ తర్వాత బ్రెజిల్‌లో అడిగి చూస్తే అక్కడా అంతే అని తేలింది. కెన్యాలోనూ అంతే. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ‘మీకేమైనా ఉందా’ అని అడగడం మాని, ‘మీకెవరైనా చెప్పి ఒట్టు పెట్టించుకున్నారా’ అని అడగడం మొదలుపెట్టారు. నర్మెట్ట ఆడవాళ్లు చెప్పిన మాట మీద ప్రపంచంలో పని నడిచింది.

వనమాల వింటున్నది గానీ ఆమె కళ్లముందు వేరే ముఖం కదులుతున్నది. తోటికోడలు విమల. వాళ్లది మహబూబాబాద్‌లో బట్టల దుకాణం. ఆమెకు గడ్డ కనిపించినప్పుడు చెప్పుకున్నది ఒక్క వనమాలకే. ఒట్టు పెట్టించుకున్నదీ వనమాల చేతే. ఏడాది పాటు పసుపు, సున్నం పట్టు వేసుకుంది. వనమాల ఏడాది పాటూ నోరు కుట్టుకుని ఉంది. ఆఖరికి దవాఖానకు తీసుకుపోతే డాక్టర్లు పెదవి విరిచారు. కడుపులో పుండు అని సోమయ్య ఊరందరికీ చెప్పాడు. విమల పోయిన పదకొండో రోజున కూడా ఆ ఇంట్లో ఎవరూ జబ్బు పేరు ఎత్తలేదు. హిమజ ఒక్కతే తల్లిని పెరట్లోకి తీసుకుపోయి, పెద్దమ్మకు ఏమైంది అని నిలదీసింది. అప్పుడు వనమాల బావురుమంది. తనకు ముందే తెలుసని చెప్పింది. అది తొమ్మిదేళ్ల కిందటి మాట.

“ఇంకొకటున్నది అత్తమ్మా,” అంది వర్షిణి. “ఆఖరి పేజీల, సాయం జేసినోళ్లకు దండం పెట్టుకునే కాడ. వదిన ఏం రాసిందో వినుండ్రి. ‘ఈ ప్రశ్న నాది కాదు, మా అమ్మ వనమాలది. మా పెద్దమ్మ పోయిన పదకొండో రోజున, తనకు ముందే తెలుసని ఆమె నాతో నిజం చెప్పింది. చెప్పకపోయి ఉంటే ఈ వ్యాసమే లేదు.’”

వనమాల చాట ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది.

“నా పేరున్నదా?” అంది వనమాల.

“ఉన్నది. అచ్చుల ఉన్నది. వదిన మాట ఏడికి పోతే మీ పేరు ఆడికి పోయింది.”

తన పేరు తన బిడ్డ పేరుకు మచ్చ తెస్తుందని మూడు నెలలుగా కుమిలిపోతున్న మనిషి ఆమె. ఆ పేరు ఆరేళ్ల కిందటే బిడ్డ పేరు పక్కన నిలబడి ఉంది. సిగ్గు పడవలసిన రోజున నిజం చెప్పినందుకే నిలబడి ఉంది. వనమాల గుండె నిండింది. ఆ వెంటనే, నిండిన గుండె కోడలి ముఖం చూసి కలుక్కుమంది. ఎండలో ఆ పిల్ల కళ్లకింద నల్లటి చారలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. విమల ఒట్టు మోసిన ఏడాది తన కళ్లకింద కూడా అవే చారలు ఉండేవి.

“విమలక్క నా మీద పెట్టిన బరువే నేను నీ మీద పెట్టిన బిడ్డా. ఇగ నీ మీద ఏ ఒట్టు లేదు. రేపు హిమజ రాంగనే నేనే జెప్త.”

వర్షిణి అత్తగారి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. మూడు వారాల ఏడుపు అది. వనమాల ఏడవలేదు. కందులు చాటలోంచి డబ్బాలోకి పోసి, చెప్పులు వేసుకుని, ఎండ తగ్గకముందే వెంకట్రాం సారు ఇంటికి బయలుదేరింది.

సారు వసారాలో పత్రం అప్పటికే ఫ్రేము కట్టి గోడకు ఆనించి ఉంది. వనమాల వచ్చిన పని చెప్పింది. ఆ మాట మళ్లీ పెట్టాలంది. అచ్చైపోయింది కదమ్మా అని సారు అననే లేదు. ఫ్రేము వెనక మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. ‘ప్రాణాంతక వ్యాధుల’ అన్నచోట తెల్ల కాగితం ముక్క అంటించి, నల్ల సిరాతో ‘క్యాన్సర్’ అని గుండ్రంగా రాశాడు. అతుకు కనిపిస్తుందేమో అని ఆమె సందేహపడితే, కనపడనీ తల్లీ అన్నాడు. అదే ముందు కనపడాలన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి హిమజ కారు దిగింది. ముందు రోజంతా భూపాలపల్లిలో పరీక్షల శిబిరం చూసుకుని అటునుంచే వచ్చింది. వనమాల ఆమెను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకు వేసి, చుట్టు తిప్పకుండా చెప్పింది. హిమజ ముఖంలో రంగు మారింది. తర్వాత ఆమెలోని కూతురు పోయి డాక్టరు వచ్చింది. చేతులు కడుక్కుని, నెమ్మదిగా వేళ్లతో నొక్కి చూసింది. చంకలో చూసింది. కొంగు సర్ది, తల్లి రెండు చేతులూ పట్టుకుంది.

“పరీక్ష జేస్తే గాని ఏం జెప్పలేనమ్మా. కానీ చేజారలేదు. రేపు పొద్దున దవాఖానల ఉంటం. గీ సన్మానం గిన్మానం వద్దు, ఇప్పుడే పోదాం పా.”

“రేపే పోదాం. ఇయ్యాల నీ సభ జరగాలె. నాకు ఆడ జర పనున్నది,” అంది వనమాల. ఆ తర్వాత కూతురి గడ్డం పట్టుకుని అడిగింది. “నీ పేరుకు మచ్చ కాదా బిడ్డా?”

హిమజకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. “నా ఎనభై ఒకటీ ఒకదిక్కు, నువ్వు ఒక్కదానివి ఒకదిక్కు. గవి రాసిందే నువ్వు జెప్పాలని అమ్మా.”

సోమయ్యకు చెప్పినప్పుడు ఆయన కుర్చీలో అలాగే కూలబడ్డాడు. వదినకు కడుపులో పుండు అని ఊరికి చెప్పింది తనేనని, ఆ పాపం తనను వదలలేదని గొణిగాడు. పత్రంలో మాట తీయించిందీ తనే కదా అన్నాడు. వనమాల ఆయన భుజం తట్టి, లేచి కొత్త చొక్కా వేసుకొమ్మంది.

పదకొండింటికల్లా సంఘం భవనం నిండిపోయింది. యార్డు వాళ్లు, దుకాణాల వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల రైతులు, వాళ్ల ఆడవాళ్లు. రామి కూడా వంకాయల గంప మనవరాలికి అప్పగించి వచ్చింది. వెంకట్రాం సారు లేచి పత్రం అందుకుని, తన హైస్కూలు గొంతుతో చదివాడు. “క్యాన్సర్ పరిశోధనలో దేశం గర్వించదగిన విదుషీమణి” అన్నప్పుడు ముందువరుసలో రమాకాంత్ ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. భవనం కూలలేదు. చప్పట్లు మోగాయి.

శాలువా కప్పడం కాగానే వనమాల మెట్లెక్కింది. మైకు ముందు నిలబడటం ఆమెకు జన్మలో అదే మొదలు. సోమయ్య లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

“నా బిడ్డ ఎనభై ఒకటి రాసింది. ఆరువేల రెండు వందల నలభై సార్లు లోకం దాని పేరెత్తింది. గిది మీకందరికి నేనే జెప్పి జెప్పి తల నొప్పి పుట్టించిన. కానీ అండ్ల ఏం రాసిందో నేను నిన్న విన్న. నా ఎడమ రొమ్ముల గడ్డ ఉన్నది. మూడు నెలలు దాచిన. క్యాన్సరో కాదో రేపు తెలుస్తది. నేను పరీక్షకు పోతున్న. మా విమలక్కది దాచిననాడు నేను రెండోదాన్ని. నోరు తెరవకపోతిని, మనిషి పాయె. నా కోడలు నాకు రెండోదైంది. అది వ్యాసం చదివి నా కండ్లు తెరిపించింది. గీ మందిల నా అసొంటోళ్లు ఎందరున్నరో నాకు తెల్వది. మా వర్షిణి అగో, ఆ తలుపుకాడ కూసున్నది. దానికి జెప్పుండ్రి. మీదైతే మీది, ఎవలదన్న మీకు తెలిస్తే గది గూడ.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లకు తగిన మాటలు కావవి. భవనంలో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రామి మాత్రం అప్పుడే లేచి, పక్కనున్న చెల్లెలి రెక్క పట్టుకుని తలుపు వైపు నడిచింది. భోజనాలు వడ్డించేలోపు వర్షిణి కాగితం మీద పదకొండు పేర్లు ఎక్కాయి. అందులో ఎనిమిది పేర్లు చెప్పింది రెండో మనుషులే.

వనమాలది క్యాన్సరే అని తేలింది. రెండో దశ. ఇంకో ఏడాది దాచుకుని కూర్చుని ఉంటే విమల దారే అయ్యేదని డాక్టర్లు దాచకుండా చెప్పారు. జనవరిలో ఆపరేషన్ అయింది. జపాన్ సభకు పోనని హిమజ మొండికేస్తే, మంచం మీద నుంచే తల్లి తరిమింది. హిమజ ఆ సభలో మొదటి ఉపన్యాసం ఇచ్చింది. తల్లి అనుమతితో ఆమె పేరూ, ఆమె జబ్బు పేరూ చెప్పి మొదలుపెట్టింది. సభ అంతా లేచి నిలబడిందట. ఆ కేసముద్రం పదకొండు మందిలో ముగ్గురికి జబ్బు తొలిదశలోనే దొరికింది. వాళ్లలో రామి చెల్లెలు ఒకతి.

ఉగాది దాటాక వనమాల, మందులకు జుట్టు రాలిన తలకు గుడ్డ కట్టుకుని, రోజూ కాసేపు దుకాణంలోకి దిగి కూర్చోసాగింది. సన్మాన పత్రాన్ని సోమయ్య ఇంట్లో కాకుండా కింద దుకాణంలో, తూకానికి వచ్చే ప్రతి రైతుకూ కనపడేచోట వేలాడదీయించాడు. అతుకు వేసిన తెల్ల కాగితం ముక్కే ముందు కళ్లలో పడుతుంది. వనమాల నోటుబుక్కు తీసి, ఎనభై ఒక్క వరుసల్లోనూ గీతలు ఉన్నచోటల్లా ఆ మాటను పూర్తిగా రాసింది. ఆ ఆదివారం కాగితం మీదికెక్కిన పేర్ల గురించి రాసిన ఎనభై రెండోది అచ్చుకు పోయింది. అందులో వర్షిణి పేరు హిమజ పేరు పక్కనే, రాసినవాళ్ల వరుసలో ఉంది. ఆ ముక్క కేసముద్రంలో వినని మనిషి లేడు, వనమాల విననిచ్చేది కాదు.

ఒక రోజు నర్మెట్ట నుంచి ఇద్దరు ఆడవాళ్లు పత్తి లారీ వెంట వచ్చారు. తోటికోడళ్లు. చిన్నామె దుకాణం మెట్ల మీదే తచ్చాడుతూ, తన అక్క సంగతి చెప్పాలి గానీ అక్క పరువు పోతుందని భయంగా ఉందని గొణిగింది. వనమాల ఆమెను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుని, గోడ మీది పత్రంలో సారు చేతిరాతను చూపించింది.

“జబ్బు పేరు జెప్తే పరువు పోదు బిడ్డా. జెప్పకపోతే మనిషి పోతది.”